కారు టాప్ అంచుల్లో తుప్పు: మందు పూతా, అతుకా, గట్టర్ మార్పా, మొత్తం రేకా?

పాత కారు టాప్ మీద తుప్పు నడిమధ్యలో మొదలవడం అరుదు. వాన గట్టర్ (టాప్ పక్క అంచున నీరు పారే కాలువ) వెంబడి, ముందు అద్దం పై మూలల్లో, వెనకద్దం చుట్టూ, సన్‌రూఫ్ ఉంటే దాని చట్రం దగ్గర మొదలై లోపలికి పాకుతుంది. కారణం ఆ అంచులు కట్టిన తీరులోనే ఉంది. టాప్ రేకు అంచు, పక్క ఫ్రేము అంచు, చాలా కార్లలో వాటి మధ్య ఇంకో పొర. వీటిని ఒకదానిమీద ఒకటి పెట్టి స్పాట్ వెల్డ్ చేసి (చుక్కలు చుక్కలుగా కరిగించి అతికి), పైన సందు మూసే సీలర్ పూసి, రంగు కొట్టేశారు. రేకుల మధ్య సందులోకి ప్రైమర్ సరిగా చేరలేదు. ఏళ్ల తరబడి ఎండకు సీలర్ గట్టిపడి వెంట్రుకవాసి చీలిక ఇస్తుంది. ఆ చీలికలోంచి లోపలికి పోయిన నీటికి బయటికొచ్చే దారి ఉండదు.

అందుకే రంగు మీద కనబడే పొక్కును చూసి రిపేరు పద్ధతి ఎంచుకుంటే దెబ్బతింటారు. బెత్తెడు పొడవున రంగు లేచి భయపెట్టిన చోట గీకి చూస్తే సీలర్ మాత్రమే ఊడి, కింద రేకు గట్టిగా ఉండొచ్చు. మినపగింజంత పొక్కు కింద లోపలి అంచు మొత్తం పొడి అయిపోయి ఉండొచ్చు. తుప్పు ఏ పొరలో ఉందో తేలాకే మిగతా లెక్కలు.

## ఎంపికకు ముందు తేల్చుకోవాల్సినవి

ఏ పొర తిన్నది? ముందు టాప్ లోపలి లైనింగ్ కనీసం ఆ పక్కన దించాలి, తలుపు రబ్బరు లాగెయ్యాలి. గట్టర్‌లోని పాత సీలర్‌ను హీట్ గన్‌తో మెత్తబరిచి మొద్దు స్క్రేపర్‌తో తియ్యండి. పొక్కు ఉన్నంత మేరే కాదు, దానికి రెండు పక్కలా మంచి రేకు కనబడేదాకా. తర్వాత వైర్ బ్రష్‌తో రుద్ది, గీతలు గీసే ఉక్కు సూదిని బొటనవేలి బలంతో నొక్కుతూ వెళ్లండి. సూది దిగిన చోట రేకు లేనట్టే. దిగకుండా గుంటలు మాత్రం కనబడితే అది పైపొర తుప్పు.

ఇంకో గుర్తు ఉంది, చాలామంది పట్టించుకోరు. గట్టర్ అంచును పక్కనుంచి, కన్ను దాని ఎత్తుకు దించి చూడండి. స్పాట్ వెల్డ్ చుక్కల దగ్గర నొక్కుకుపోయి, చుక్కకూ చుక్కకూ మధ్య ఉబ్బి, బొంతకు కుట్లు వేసినట్టు కనబడితే తుప్పు రేకుల మధ్యనే ఉంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు జాగా అడుగుతుంది; అదే రేకులను విడదీస్తుంది. ఆ అలలు కనబడ్డాక ఏ మందూ లోపలికి చేరదు. అక్కడ పొరలు విప్పాల్సిందే.

లోపల టార్చి వెలిగించి, చీకట్లో బయటినుంచి చూస్తే సూదిమొన చిల్లులు కూడా పట్టుబడతాయి. అయస్కాంతం పట్టులేకుండా జారిపోతే కింద పాత లప్పం ఉంది.

కోత ఎక్కడ పడుతుంది? టాప్ రేకు మందం సాధారణంగా 0.8 నుంచి 1 మి.మీ. వైశాల్యం ఎక్కువ, వంపు తక్కువ. ఇలాంటి రేకుకు వెల్డింగ్ వేడి తగిలితే చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, చుట్టుపక్కల రేకు వదులై నొక్కితే టకటకమని లోపలికీ బయటికీ దూకుతుంది. గట్టర్ నుంచి నాలుగైదు సెంటీమీటర్ల లోపు వంపు గట్టిగా ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. అది దాటి మధ్యకు జరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఎంత పెద్ద చిల్లు అన్నదానికంటే, కోత అంచు వంపులో పడుతుందా, చదును భాగంలోకి పోతుందా అన్నదే ఎక్కువ తేడా తెస్తుంది.

బలం మోసే భాగమా? విడిగా ఛాసిస్ లేని కార్లలో టాప్ పక్క ఫ్రేము, పిల్లర్ల (టాప్‌ను మోసే నిలువు స్తంభాల) తలలు బండి బలంలో భాగం. బోల్తా పడితే ఆధారం అవే. అక్కడి రిపేరులో అందం రెండో సంగతి. విడి ఛాసిస్ బండ్లలో కొంత వెసులుబాటు ఉన్నా, తలుపుల సందులు మాత్రం అక్కడా టాప్ మీద ఆధారపడతాయి.

నీరు ఎందుకు ఆగింది? వినైల్ టాప్ (రేకు మీద వినైల్ తొడుగు అతికించినది) కింద తేమ, మూసుకుపోయిన సన్‌రూఫ్ గొట్టాలు, క్యారియర్ బిగించడానికి వేసిన రంధ్రాలు, గట్టిపడిన అద్దం రబ్బరు. కారణం అలాగే ఉంటే ఎంత మంచి వెల్డింగైనా దండగ.

ఏమేం విప్పాలి, రేకు దొరుకుతుందా? వెల్డింగ్ కంటే అద్దాలు తీసి పెట్టడం, లైనింగ్ దించి ఎక్కించడం ఎక్కువ శ్రమ అయ్యే బండ్లు బోలెడు. ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యానుల్లాంటి వాటికి గట్టర్ ముక్కలు విడిగా దొరుకుతాయి. చాలా కార్లకు ఆ భాగ్యం లేదు, చేత్తో మలచాలి లేదా ఇంకో బండి నుంచి కోయాలి. సిట్రోయెన్ డీఎస్ లాంటి వాటిలో టాపే ఫైబర్‌గ్లాస్. అక్కడ తుప్పు పట్టేది దాన్ని మోసే ఇనుప చట్రం.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఎప్పుడు తగును | రేకు వంకరపోయే ప్రమాదం | విప్పాల్సినవి | నిలకడ |
|---|---|---|---|---|
| తుప్పు మందు, ఎపాక్సీ ప్రైమర్, కొత్త సీలర్ | సూది దిగని పైపొర తుప్పు | లేదు | రబ్బరు, కొంత లైనింగ్ | సందులో తుప్పు లేకపోతే బాగా, ఉంటే కొన్నాళ్లే |
| ముక్క కోసి అతుకు | అంచు వంపులో పడే చిల్లులు | మధ్యస్థం, చేతిని బట్టి | దగ్గరి అద్దం, ఆ పక్క లైనింగ్ | లోపల తుప్పు ఆపే మైనం పడితే చాలాకాలం |
| గట్టర్ మార్పు | అంచులు అలలుగా ఉబ్బినప్పుడు | తక్కువ, కానీ గీత చెడొచ్చు | తలుపులు, రబ్బర్లు, లైనింగ్ | చాలాకాలం |
| మొత్తం టాప్ రేకు | మూడు నాలుగు వైపులా పోయినప్పుడు | తక్కువ | దాదాపు అన్నీ | బండి ఉన్నంతకాలం |
| ప్యానెల్ జిగురు | బలం మోయని చోట, వేడి పనికిరాని చోట | లేదు | లైనింగ్ | తయారీ శుభ్రతను బట్టి |

## మందు పూత: తక్కువ పని, ఎక్కువ అపోహ

మార్కెట్లో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు, రెంటినీ ఒకటే అనుకోవడంతో తంటా. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది. తడి ఆరకుండా కాసేపు ఉంచి, డబ్బా మీద చెప్పినట్టు కడిగి, వెంటనే ఆరబెట్టాలి. టానిక్ ఆమ్లం ఉన్న కన్వర్టర్ తుప్పుతో కలిసి నల్లటి పొరగా మారి అక్కడే ఉండిపోతుంది. పల్చటి తుప్పు ఉంటేనే దానికి పని. మెరిసే ఉక్కు మీద పూస్తే వచ్చేదేమీ లేదు, పొరలు పొరలుగా లేచిన తుప్పు మీద పూస్తే పైపొర మాత్రమే మారుతుంది.

ఆమ్లం అవశేషం మిగిలితే ఎపాక్సీ ప్రైమర్ సరిగా గట్టిపడదు, కొన్నాళ్లకు అట్టలా లేస్తుంది. అందుకే చాలా ఎపాక్సీల వాళ్లు ఆమ్లం తగిలిన ఉక్కు మీద తమ ప్రైమర్ వద్దంటారు. తిరుగులేని క్రమం ఇది: రాపిడితో ఎంత వీలైతే అంత మెరుపు తెచ్చుకోండి, మందును బ్రష్ చేరని గుంటలకే పరిమితం చెయ్యండి, పూర్తిగా కడిగి ఆరాక ఎపాక్సీ రెండు కోట్లు. దాని మీద, తయారీదారు చెప్పిన గడువు లోపల, పాలీయురేథేన్ లేదా ఎంఎస్ పాలిమర్ సీలర్. సిలికాన్ మాత్రం టాప్ దరిదాపుల్లోకి రానివ్వకండి. దాని జాడ తగిలిన చోట రంగు చేపకళ్లలా గుంటలు తేలి నిలబడదు.

మెరుపు తేవడానికి ఇసుక బ్లాస్టింగ్ ఆలోచన వస్తుంది. గట్టర్ సందుకు సరే, టాప్ చదును మీద వద్దు. ఇసుక దెబ్బలకు పైచర్మం సాగి రేకు ఉబ్బుతుంది. అది వెల్డింగ్ వంకర కంటే మొండిది. రంగు తీసే డిస్కో, పెయింట్ రిమూవరో చాలు. పాత రంగుల్లో సీసం, క్రోమేట్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పొడి ధూళి లేపకుండా తడిపి రుద్దండి, మాస్కు తప్పనిసరి.

ఈ దారిలో ఒక తిరకాసు ఉంది. "ఇప్పటికి సందులోకి నూనె మైనం పోసి ఆపుదాం, వెల్డింగ్ తర్వాత చూద్దాం" అనిపిస్తుంది. పాకే నూనెలు తుప్పును నిజంగానే నెమ్మదింపజేస్తాయి. కానీ ఆ తర్వాత అక్కడ వెల్డు పెట్టినప్పుడు నూనె మరిగి వెల్డులో బుడగలు, లోపల మంట. దగ్గర్లో వెల్డింగ్ చేసే ఉద్దేశం ఉంటే ఇప్పుడు సందు పొడిగా ఉంచి పైన సీలర్ మాత్రం వెయ్యండి. వెల్డింగ్ మాటే లేదు, బండిని ఇలాగే నడుపుకుంటాను అనేవారికి నూనె మంచి ఎంపికే.

## ముక్క కోసి అతుకు: ఎక్కువ బండ్లకు సరైన జవాబు

అద్దం పక్కన పని ఉంటే అద్దం తీసెయ్యండి. గుడ్డ కప్పితే చాలనుకుంటారు. వెల్డింగ్ రవ్వ ఒక్కటి తగిలినా గాజు మీద చెరగని గుంట పడుతుంది. బ్యాటరీ, ఆల్టర్నేటర్ తీగలు విప్పాలి. టాప్ లోపల అతికించిన శబ్దం ఆపే పొర, పాత జిగురు, లైనింగ్ గుడ్డ అన్నీ ఇట్టే అంటుకునేవే. వెల్డు గీతకు రెండు వైపులా జానెడు మేర లోపల గీకి శుభ్రం చెయ్యాలి. మంటలార్పే సిలిండర్‌తో ఒక మనిషి లోపలి వైపు చూస్తూ ఉండాలి. పని ఆపాక కూడా అరగంట బండిని వదిలి వెళ్లకూడదు.

కోతకు 1 మి.మీ. పల్చటి డిస్కు. మూలలు చదరంగా వద్దు, గుండ్రంగా. చదరపు మూలలో వేడి, బిగువు రెండూ పోగై పగులుతుంది. చివరి గుంట దాటి పూర్తి మందం ఉన్న రేకు వచ్చేదాకా కొయ్యండి. అంచు కాగితంలా ఉంటే వెల్డు పెట్టగానే ఊడిపోతుంది, దాన్ని తరుముతూ మధ్యకు వెళ్లిపోతారు. పొడవుగా పోయి ఉంటే ఒక్కసారే కోసెయ్యకుండా మూరెడు లోపు ముక్కలుగా చేసుకుంటూ పోవాలి, లేకపోతే అసలు వంపేదో చూపించే ఆధారం పోతుంది.

పైపొర కోశాక లోపలి పొర కనబడుతుంది. ముందు దాన్ని బాగుచెయ్యండి. లోపలి పొరను అలాగే వదిలి పైన కొత్త రేకు వేసిన అతుకులే కొన్నేళ్లకు మళ్లీ పొక్కుతాయి. రేకులు కలిసే అంచులకు వెల్డు తట్టుకునే జింక్ ప్రైమర్ పూయాలి. మిగ్ వెల్డు (యంత్రమే తీగను అందిస్తూ, గ్యాస్ కాపు మధ్య కరిగించేది) పడే బొట్టు దగ్గర మాత్రం దాన్ని గీకెయ్యాలి. జింక్ పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి కాబట్టి గాలి ఆడేలా చూసుకోండి.

కొత్త ముక్క అదే మందం మెత్తటి ఉక్కు. అసలు కీలకం ఇక్కడుంది: ముక్కను వేలితో నొక్కకుండా వదిలినా దాని చోట అది కూర్చోవాలి. నొక్కి పట్టుకుని వెల్డు పెట్టారంటే ఆ బిగువంతా టాప్‌లోకి పోతుంది. ఇసుక సంచి మీద, కర్ర దిమ్మె మీద ఓపిగ్గా మలచండి; ఈ గంట ఇక్కడ ఖర్చు పెడితే లప్పం పనిలో అంతకంతా మిగులుతుంది.

వెల్డింగ్ యంత్రం విషయంలో వాదన ఎప్పుడూ ఉండేదే. మిగ్‌తో అయితే 0.6 మి.మీ. తీగ, ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం, అంచుల మధ్య డిస్కు మందమంత సందు. ఒక బొట్టు పెట్టి, అవతలి కొసకు వెళ్లి ఇంకో బొట్టు. చెయ్యి పెట్టి చూసి వేడి తగ్గితేనే పక్కకు. ముందు 25 మి.మీ. దూరంలో బొట్లు, తర్వాత వాటి మధ్య, మళ్లీ మధ్య. తడిగుడ్డతో చప్పున చల్లార్చకండి. మిగ్ బొట్టు గట్టిగా ఉంటుంది, సుత్తికి అంతగా లొంగదు.

టిగ్ వెల్డు (టంగ్‌స్టన్ మొనతో కరిగించి, తీగను చేత్తో అందించేది) మెత్తగా ఉంటుంది. చల్లారేటప్పుడు ముడుచుకున్న గీతను వెనక డాలీ (చేత్తో పట్టే ఇనుప దిమ్మె) పెట్టి సుత్తితో సాగదీసి మళ్లీ దారికి తేవచ్చు. కానీ వెనక డాలీ పట్టేంత చోటుంటేనే. మూసిన ఫ్రేము పక్కన చెయ్యి దూరదు, అప్పుడు టిగ్ వల్ల ఒరిగేదేమీ లేదు. విడివిడి బొట్ల మిగ్ మేలు. గ్యాస్ వెల్డింగ్‌లోనూ అతుకు మెత్తగానే వస్తుంది, కానీ వేడి పరుచుకునే వెడల్పు ఎక్కువ, చేతివాటం ఉన్నవారికే.

వెల్డు గ్రైండింగ్‌లో కూడా టాప్ పాడవుతుంది. మోటు రాయితో ఒకేచోట ఆగితే రేకు నీలి రంగుకు తిరుగుతుంది, అప్పుడు మళ్లీ వంకర. 60 లేదా 80 నంబరు పల్చటి డిస్కుతో గీత మీద మాత్రమే, ఆపి ఆపి తీసుకోవాలి.

అంచు మీద అంచు వేసి అతికించడం తేలిక, సందు సరిచూసుకునే బాధ లేదు. అయితే ఆ రెండు పొరల మధ్య మళ్లీ కొత్త సందు తయారవుతుంది, మనం మొదలెట్టిన రోగమే అది. పైగా రెండు మందాలు ఎండకు వేర్వేరుగా కదిలి, రంగు మీద ఆ గీత నీడలా తేలుతుంది. గట్టర్ దగ్గర అంచుకు అంచు తాకించే అతుకే కోరండి.

## గట్టర్ మార్పు

అలలు కనబడ్డ గట్టర్‌కు ఇదే గతి. స్పాట్ వెల్డ్ తొలిచే 8 మి.మీ. బిట్‌తో పైపొర వరకే తొలచాలి. కింది అంచుకు చిల్లు పడితే అదో పని. కొత్త గట్టర్ అంచులో 6 నుంచి 8 మి.మీ. రంధ్రాలు, ఫ్యాక్టరీ చుక్కలు ఎంత దూరంలో ఉన్నాయో అంత దూరంలోనే వేసి, ఒక్కోదాన్ని క్లాంపుతో బిగించి వెల్డుతో నింపాలి. స్పాట్ వెల్డర్ చేతులు అందేచోట అదే వాడండి. వేడి తక్కువ, చూపుకు అసలులా ఉంటుంది.

వెల్డింగ్ కంటే గీత కష్టం. కారును పక్కనుంచి చూసినప్పుడు కంటికి ఆనే పొడవాటి గీత గట్టరే. 2 మి.మీ. వంకరైనా రంగు కొట్టాక ఎవరైనా పట్టేస్తారు. అందుకే కొయ్యక ముందే ప్లైవుడ్‌తోనో గట్టి అట్టతోనో మూడు నాలుగు చోట్ల అచ్చులు కోసి పెట్టుకోండి. మంచి వైపు గట్టర్ నుంచి తీసి తిప్పి వాడుకోవచ్చు. పొడవునా ఒకేసారి ఊడదీయకుండా భాగాలుగా మార్చాలి. ప్రతి భాగం బొట్ల దశలో ఉండగానే తలుపు బిగించి, రబ్బరు పెట్టి మూసి చూడాలి. చివరల్లో నీరు దిగే దారిని వెల్డుతోనో సీలర్‌తోనో పూడ్చేసి, తర్వాత గట్టర్ పొంగి తలుపులోకి కారుతోందని బాధపడేవారు తక్కువేం లేరు.

గట్టర్‌ను పూర్తిగా తీసేసి నున్నగా చేసే వేషం కొందరికి ఇష్టం. తుప్పుకు పరిష్కారంగా దాన్ని చూడొద్దు. పొడవునా నిండు వెల్డు పెట్టాలి, వాననీరు సరాసరి తలుపు రబ్బరు మీద పడుతుంది, బండి అసలు రూపు పోతుంది.

## మొత్తం టాప్ రేకు

పెద్ద పని అని దీన్ని చివరికి నెట్టేస్తారు. నిజానికి ఒక సంగతిలో ఇది అతుకు కంటే సురక్షితం: వెల్డులన్నీ అంచుల మీదే పడతాయి, చదును భాగానికి వేడే తగలదు. వినైల్ కింద జల్లెడైన టాప్‌కు, సన్‌రూఫ్ చుట్టూ నాలుగు మూలలా పోయిన టాప్‌కు నడిమధ్య పెద్ద అతుకు వేసి నెలల తరబడి సుత్తితో కుస్తీ పట్టేకంటే రేకు మార్చడమే తెలివి.

మొదలుపెట్టే ముందు బండి నాలుగు చక్రాల మీద సమంగా నిలబడాలి. తలుపు ఖాళీల్లో అడ్డంగా, ఏటవాలుగా ఇనుప బద్దలు తాత్కాలికంగా బిగించాలి. ముందు, వెనక అద్దాల ఖాళీల ఎదురెదురు మూలల మధ్య కొలతలు రాసుకోవాలి. కొత్త రేకు క్లాంపుల మీద ఉండగా కొలతలు మళ్లీ సరిచూసి, అద్దాలు పెట్టి చూడాలి. వెల్డు పూర్తయ్యాక అద్దం కూర్చోకపోతే చేసేదేం లేదు.

వెనక పిల్లర్ దగ్గర టాప్ అతుకు చాలా కార్లలో సీసంతో పూడ్చి ఉంటుంది. దాన్ని గ్రైండర్‌తో కొయ్యకండి, సీసం దుమ్ము విషం, వేడిచేసి తుడిచెయ్యండి. టాప్ కింద అడ్డంగా ఉండే దూలాలకు రేకును కలిపే జిగురు మెత్తటి రకమే వాడాలి, చిన్న చిన్న ముద్దలుగా. గట్టిది ఎక్కువ పెడితే ఆరేటప్పుడు రేకును లాగి పైన అడ్డగీతలు చూపిస్తుంది.

ఇంకో బండి నుంచి టాప్ తెచ్చుకుంటే పిల్లర్లతో సహా ఎక్కువ మేర కోయించి తెచ్చుకోండి. తెచ్చేటప్పుడు వంగదు, స్పాట్ వెల్డులు తీరిగ్గా తొలచుకోవచ్చు. కొనేముందు దాని గట్టర్‌ను కూడా సూదితో పొడవండి, అదే వయసు బండికి అదే జబ్బు ఉంటుంది. పిల్లర్లను నడిమికి కోసి టాప్‌ను మొత్తంగా దిగవేసే అడ్డదారి మాత్రం వద్దు. పిల్లర్ల బలం ఆ నాలుగైదు వెల్డుల మీద వేలాడుతుంది.

## జిగురు, ఫైబర్, లప్పం

రెండు పాళ్ల ఎపాక్సీ ప్యానెల్ జిగురును ఈసడించక్కర్లేదు. కొత్త కార్ల బాడీలు కొంత దానితోనే నిలుస్తున్నాయి. టాప్ చదునులో పాత క్యారియర్ కోసం వేసిన పెద్ద కోతలాంటిది మూసేందుకు, వేడి అస్సలు పనికిరాని చోట బాగుంటుంది. దానికి 20 నుంచి 25 మి.మీ. ఒకదానిమీద ఒకటి పడే అంచు, రెండు వైపులా మెరిసే ఉక్కు, చెప్పిన ఉష్ణోగ్రతలో చెప్పినంత సేపు కదలని క్లాంపు కావాలి. లాగితే గట్టిగా ఉంటుంది, అంచునుంచి ఒలిస్తే ఊడుతుంది. అందుకే కొసల్లో రివిటో వెల్డు బొట్టో అవసరం, ఆ వెల్డు జిగురును కాల్చనంత దూరంలో. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డ్ చేసిన పక్క ఫ్రేమును జిగురు ఒక్కదానితో నిలబెట్టకండి.

ఫైబర్ గుడ్డ, రెసిన్ వేసి చిల్లు మూసేది తుప్పు మీద దుప్పటి కప్పడమే. వెనకనుంచి తేమ ఆగదు.

వెల్డు అయ్యాక పల్లాలు పూడ్చేందుకు రెండు దారులు. పిల్లర్ అతుకుల మీద, గట్టర్ పక్కన సీసం మేలు. సీసం 70, తగరం 30 పాళ్ల మిశ్రమం 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై, సుమారు 255 దాకా ముద్దలా ఉండి కర్ర తెడ్డుతో మలచడానికి లొంగుతుంది. పట్టు కోసం ముందు పూసే టిన్నింగ్ పేస్టులో ఆమ్లం ఉంటుంది. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడగాలి. ఆకురాయితోనే సాపు చెయ్యాలి. ఎమరీ, డిస్కులు వాడితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసానికి సిద్ధంగా లేనివారికి లోహపు పొడి కలిసిన ఎపాక్సీ ఫిల్లర్ మధ్యే మార్గం. మామూలు పాలియెస్టర్ లప్పం నీరు పీల్చుకుంటుంది, కాబట్టి ఎపాక్సీ ప్రైమర్ మీద, 2 మి.మీ. చుట్టుపక్కల మందం వరకే.

## మీకు ఏది?

రోజూ నడిపే బండి, అక్కడక్కడా పొక్కులు, సూది దిగలేదు: మందు, ఎపాక్సీ, కొత్త సీలర్. ఇందులో పొదుపు చెయ్యకూడనిది ఒక్కటే, సీలర్‌ను గట్టర్ మొత్తం పొడవునా కొత్తగా వెయ్యడం. పొక్కు దగ్గర మాత్రమే వేస్తే పక్క చీలికలోంచి దూరిన నీరు మీ కొత్త సీలర్ కిందికే పోతుంది.

మొదటిసారి వెల్డింగ్ పట్టినవారు టాప్ మీద నేర్చుకోకండి. ఫ్లోరు మీద నేర్చుకోండి, తప్పులు కార్పెట్ కింద ఉంటాయి. టాప్ పనిలో విప్పడం, గీకడం, పొరలు తేల్చడం, ప్రైమర్, మైనం మీరు చేసుకుని, కోత, వెల్డు మాత్రం చేయి తిరిగినవారికి ఇస్తే శ్రమలో సింహభాగం మీదే అవుతుంది, టాప్ కూడా నిలుస్తుంది.

పనిని బయటికిచ్చేవారు అడగాల్సిన ప్రశ్నలు మూడు: లోపలి పొర చూశారా, అద్దం తీస్తున్నారా, వెల్డు తర్వాత ఫ్రేము లోపల మైనం ఎలా పడుతుంది? "అద్దం తీయకుండానే కానిచ్చేద్దాం" అన్నచోట బండి పెట్టకండి. లైనింగ్ దించకముందే మొత్తం ఖర్చు ఖచ్చితంగా చెప్పేవారినీ అనుమానించాల్సిందే. లోపల ఏముందో వారికీ తెలియదు.

అసలు రూపుకు విలువిచ్చే అరుదైన బండి అయితే గట్టర్ భాగాలు, స్పాట్ వెల్డ్ చుక్కలు, సీసం పూత. నెమ్మదైనా దారి అదే. వినైల్ టాప్ ఉన్న బండి అయితే వినైల్ తీసి చూడకుండా ఏ నిర్ణయమూ వద్దు. కింది రేకు బాగుచేశాక వినైల్ మళ్లీ వేస్తారా అన్నది కూడా అప్పుడే ఆలోచించండి. వేసేటట్టయితే దాని అంచు పట్టీల క్లిప్పులు బిగించే ప్రతి బొడిపెకూ సీలర్ బొట్టు పడాలి.

ఒక వైపు అతుకు, రెండో వైపు మందు అని రెండు పద్ధతులు కలపడంలో తప్పులేదు. ఒకే అంచులో చిల్లు పడ్డ చోట మాత్రం అతుకు వేసి మిగతాది మందుతో సరిపెట్టడమే తప్పు.

## రంగు తర్వాత మిగిలిన పని

రంగును టాప్ మధ్యలో కలపాలని చూడకండి, తేడా తెలుస్తుంది. గట్టర్ దాకా టాప్ మొత్తం కొట్టించండి. రెండు పాళ్ల రంగుల్లోని ఐసోసయనేట్లకు మామూలు దుమ్ము మాస్కు చాలదు, బయటి గాలి అందించే మాస్కు కావాలి.

రంగు పూర్తిగా గట్టిపడ్డాక, అన్ని దిక్కులా చిమ్మే నాజిల్‌తో పక్క ఫ్రేముల్లోకి, పిల్లర్లలోకి మైనం పట్టించాలి. వెల్డు లోపలి వైపున ప్రైమర్ కాలిపోయిన గీతే కొత్త తుప్పుకు మొదటి చోటు, దానికి మైనం తగిలిందో లేదో లైనింగ్ లేనప్పుడే చూడగలరు. సన్‌రూఫ్ గొట్టాలను మెత్తటి నైలాన్ తాడుతో శుభ్రం చెయ్యండి; గాలి ఒత్తిడి పెడితే పిల్లర్ లోపల గొట్టం జాయింటు ఊడుతుంది, ఆ నీరు మీరు ఇప్పుడే బాగుచేసిన చోటికే చేరుతుంది.

నీటి పరీక్ష ఒత్తిడి లేని గొట్టంతో, కిందినుంచి పైకి. ముందు అద్దం అడుగు, తర్వాత పక్కలు, తర్వాత గట్టర్, చివరికి సన్‌రూఫ్. ఒక్కో చోట పావుగంట. పైనుంచి మొదలెడితే నీరు అన్నిచోట్లా కారి, ఎక్కడ దూరిందో తెలియదు. లోపల అంచుల వెంట టిష్యూ కాగితం అంటించి పెట్టుకుంటే మొదటి తడి చుక్క ఎక్కడ పడిందో అదే చూపిస్తుంది. లైనింగ్ అప్పుడే ఎక్కించకుండా కొన్ని వానలు పోనివ్వండి. దాన్ని పట్టే వంపు తీగలు ఒక్కోటి ఒక్కో పొడవు ఉంటాయి కాబట్టి, దించిన రోజే ముందునుంచి వెనక్కి అంకెలు వేసి కట్ట కట్టి పెట్టుకోవాలి.